పాత దారిలో ఆరు గంటలు

జూన్ 14, ఆసుపత్రి

ఈ పుస్తకం బండికి ఆయిల్ మార్చిన తారీఖులు రాసుకోవడానికి కొన్నాను. పిన్ని ఇంటి నుంచి నా బట్టలతో పాటు దీన్నీ మూట కట్టి తెచ్చింది. ఎందుకు తెచ్చావంటే "బట్టల పక్కన ఉంది, తెచ్చాను. నీకు పనికిరాకపోతే పొయ్యిలోకి పనికొస్తుంది" అంది. సగం పేజీలు ఖాళీ.

ఎడమ పాదం పైకి లేవడం లేదు. కిందికి నొక్కగలను. పైకి మాత్రం రావడం లేదు. పొద్దుటి నుంచి నలభై సార్లు ప్రయత్నించాను.

బయట వాన.


జూన్ 15

జరిగింది రాసిపెట్టుకుంటాను. రోజులు గడిచాక కలగాపులగం అయిపోతుంది.

తొమ్మిదో తారీఖు పొద్దున మేవ్ వాక్ పట్నంలో హనోయ్ నుంచి వచ్చిన అమ్మాయిలిద్దర్నీ బస్సెక్కించి, ఖాళీ బండ్లతో వెనక్కి బయల్దేరాం, నేనూ కియెన్. కియెన్ నా చెల్లెలు లువా భర్త. అతనికి బండి నేర్పింది నేను. యాత్రికుల్ని బైకుల మీద కొండల్లో తిప్పే మా సంఘంలో చేర్పించింది నేను. లువాని అతనికి ఇద్దామని అమ్మతో మూడు నెలలు వాదించిందీ నేనే.

వేసవి వాన కదా, ముందు వాసన వచ్చింది, వెనకాలే చినుకులు. వానకోట్లు తొడుక్కోడానికి ఆగిన చోట కియెన్ అన్నాడు: "పాత దారిలో పోదాం బావా. గంట కలిసొస్తుంది. వేడన్నం వేళకి ఇంట్లో ఉంటాం."

పాత దారి మొదట్లో వెదురు బొంగు అడ్డంగా కట్టి ఉంది. మట్టి జారుతోందని సంఘం వాళ్ళు వారం కిందటే కట్టారు. కియెన్ దిగి తాడు విప్పి బొంగు ఎత్తి పట్టుకున్నాడు. వద్దన్నాను. ఒక్కసారే అన్నాను. "ముసలాడివైపోతున్నావు బావా" అని నవ్వాడు. నవ్వితే అతని సగం విరిగిన ముందు పన్ను కనిపిస్తుంది, కోపం రాదు. బండి పోనిచ్చాను. అతను మళ్ళీ నన్ను దాటి ముందుకి వెళ్ళాడు.

మూడో మలుపు తర్వాత కొండ కదిలింది. పెద్ద చప్పుడేమీ లేదు. రోడ్డే పక్కకి జరిగినట్టయింది. నేనూ బండీ మట్టితో కలిసి కిందికి, ఒక మొక్కజొన్న చేలోకి. ఎడమ కాలి మీద బండి, బండి మీద మట్టి.

పైన రోడ్డు అంచున అతని పసుపు హెల్మెట్ కనిపించింది. పిలిచాను. "మనుషుల్ని తీసుకొస్తా బావా, కదలకు!" అని అరిచి వెళ్ళాడు. అప్పటికి పది. నాలుగింటికి కొండ మీది ఊరి మనుషులు చూశారు. వెదురు తడిక మీద మోసుకొచ్చారు.

పాపం, ముందర కూడా దారి తెగి కియెన్ చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చిందట. ఫోను తడిసి చచ్చిందట. అతను మనుషుల కోసం తిరిగి వచ్చేసరికి నన్ను అప్పటికే పెద్ద రోడ్డుకి దించారు. నా చెయ్యి పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడు.


జూన్ 17

కియెన్ వచ్చాడు. లువా పంపిన జావ తెచ్చాడు, ఫ్లాస్కులో, పైన వేయించిన ఉల్లికాడలు వేరే పొట్లంలో. మంచం అంచున కూర్చున్నాడు. పిన్ని తన తోఫు దుకాణం సంగతులు చెబుతుంటే అన్నిటికీ నవ్వాడు. ఆమె నీళ్ళకి వెళ్ళగానే గొంతు తగ్గించాడు.

"మన సంఘం ఫూ పెద్దాయన అడుగుతున్నాడు బావా. బొంగు ఎవరు ఎత్తారని."

"నువ్వేం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు." గోళ్ళల్లో మట్టి తీసుకుంటూ కూర్చున్నాడు కాసేపు. "పోయినేడు నాకొకసారి హెచ్చరిక ఇచ్చారు కదా. ఇది రెండోదైతే బండి తిప్పడానికి సంఘం ఇచ్చిన బిళ్ళ లాగేసుకుంటారు. మళ్ళీ ఇవ్వరు. నీ మీద ఇన్నేళ్ళలో ఒక్క మాట లేదు. నిన్నయితే ఆర్నెల్లు ఆపుతారు, అంతే. నువ్వెలాగూ ఆర్నెల్లు..."

కిటికీ వైపు చూశాడు.

"కాగితం తెచ్చావా?" అన్నాను.

తెచ్చాడు. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, జావ ఫ్లాస్కు కిందే పెట్టుకొచ్చాడు.


జూన్ 18

బొంగు నేనే ఎత్తానని సంతకం పెట్టాను. నా కోసం వానలో పరుగెత్తిన మనిషి. ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా.


జూన్ 24, ఇల్లు

డాక్టరమ్మ ఇంటికి పొమ్మంది. మోకాలి పక్కన ఒక నరం ఉంటుందట, పాదాన్ని పైకి లేపేది అదేనట. బండి బరువు దాని మీద పడింది.

"మళ్ళీ వస్తుందా?"

"కొంత రావచ్చు. రాకపోవచ్చు. ఎంతసేపు ఉన్నారు దాని కింద?"

"ఆరు గంటలు."

ఆమె రాసుకుంటున్నది ఆపింది. "గంటా రెండు గంటల్లో తీసి ఉంటే ఈపాటికి నడిచేవారు" అంది. చెడ్డ మనిషి కాదు. అడిగాను కాబట్టి చెప్పింది.

ఇంటి మెట్లు తొమ్మిది. కూర్చుని, చేతులతో ఒక్కొక్కటే ఎక్కాను. కింద కట్టేసిన గేదె నన్ను చూసి బెదిరింది.


జూన్ 25

ముందర దారి తెగితే అతను మాత్రం ఏం చేస్తాడు.


జులై 3

పిన్ని రోజూ తెల్లారకముందే తోఫు కోసం సోయా రుబ్బుతుంది. ఇల్లంతా ఆ పచ్చి వాసన. నేను సోయా పప్పు కడిగి ఇస్తున్నాను. కూర్చుని చేసే పని.

ఇవాళ నేను కడుగుతుంటే ఉన్నట్టుండి అంది: "మీ చెల్లెలి మొగుడు వారానికి రెండుసార్లు వస్తాడు. జావ తెస్తాడు, నీళ్ళు మోస్తాడు, కప్పు కూడా సర్దాడు. ఒక్కసారన్నా నీ కాలు వైపు చూశాడా?"

"బాధ పిన్నీ. చూడలేడు."

"నేను చూస్తున్నాగా. నాకు బాధ లేదా?"

"నీది రాతిగుండె."

"అవును మరి. బట్టలో గట్టిగా పిండుకోకపోతే తోఫు నిలవదు" అని లేచిపోయింది. ఈమెతో మాట్లాడి గెలిచినవాడు లేడు.


జులై 9

కియెన్‌ని మా జట్టుకి నాయకుణ్ణి చేశారు. నా స్థానం అది. ఆర్నెల్లకే కదా అన్నాడు. మొక్కజొన్న సారా సీసా తెచ్చాడు. తాగాను.


జులై 16

వాన. ఏమీ లేదు.


జులై 21

బండి నడిపాను!

నా బండి కాదు. దాని గేరు వేళ్ళతో పైకి ఎత్తాలి, నా వల్ల కాదు. చేలోంచి తీసి తెచ్చాక అది మెట్ల కింద గేదె పక్కనే ఉంది. పొద్దున్నే దాని వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు పిన్ని బండి కనిపించింది, ఎదురుగానే, ఇన్నాళ్ళూ. తోఫు పెట్టెలు మోసే చిన్న బండి. గేరు ముందూ వెనకా రెండు వైపులా తొక్కేది. వేళ్ళతో ముందు తొక్కితే పై గేరు, మడమతో వెనక తొక్కితే కింది గేరు. ఎత్తే పనే లేదు. నా పాదానికి తొక్కడం వచ్చు.

పాత ట్యూబు ముక్క కోసి పిక్కకీ చెప్పు మొనకీ కలిపి కట్టుకున్నాను, పాదం వేలాడి నేలకి గీసుకోకుండా. రుబ్బడం అయ్యాక పిన్ని కునుకు తీస్తోంది. బండి వాకిట్లోకి తోసి, ఎక్కి, తొక్కాను. ఒకటో గేరు పడిన చప్పుడు విని ఏడుపొచ్చింది. సిగ్గేముంది, ఎవరు చూస్తారు ఈ పుస్తకం.

వంతెన దాకా వెళ్దామనుకున్నాను. వంతెన దాటాక వాన మొదలైంది. ఒక పక్క ఎండ, ఒక పక్క వాన. తారు మీద నుంచి ఆవిరి లేచి మోకాళ్ళ దాకా వచ్చింది. వరి మడులు అంత పచ్చగా ఉన్నాయని మరిచిపోయాను. వానకోటు అంచులు తొడల కింద దోపుకున్నాను, చెయిన్‌లో పడకుండా. హెల్మెట్ అద్దం ఎత్తేశాను; వానలో అద్దం కంటే రెప్పలు నయం. మలుపులో ఎర్రమట్టి పారుతోంది. ముందు బ్రేకు ముట్టుకోలేదు. కొత్తగా చేరిన వాళ్ళకి నేను చెప్పే మొదటి మాట అదే: మట్టిలో ముందు బ్రేకు పట్టినవాడు ముందు పడతాడు. కుడి కాలితో మెల్లిగా వెనక బ్రేకు అదిమాను, బండి నా మాట విన్నది. ఒంటి మీద ఉన్న నలభై రెండు రోజుల మంచం వాసన కొట్టుకుపోయింది. తోఫు వాసన మాత్రం పోలేదు, అది బండిది.

తిరిగొచ్చేసరికి పిన్ని మెట్ల మీద చీపురు పట్టుకుని కూర్చుని ఉంది.

"చస్తే ఎవరు చెప్పేవాళ్ళు నాకు?"

"చావలేదుగా."

"బ్రేకు పనిచేసిందా?"

"మెత్తగా ఉంది. బిగించాలి."

"అయితే బిగించు. రేపు బడి దగ్గర హోటలుకి ఇరవై పలకలు ఇచ్చి రావాలి. ఊరికే తిరగడానికి కాదు బండి."


జులై 30

రోజూ తోఫు వేసి వస్తున్నాను. రోజూ వాన. చెప్పుకోకూడదు గానీ సంతోషంగా ఉంది.

నన్ను మోసుకొచ్చిన వాళ్ళకి ఇంతవరకూ ఒక మాట చెప్పలేదు. ఆ ఊరు ఎక్కడో కియెన్‌ని అడిగాను. "ఆ దారి ఇంకా బాగా లేదు బావా, నేనే ఒకసారి పోయి చెప్పొస్తాలే" అన్నాడు. వెంటనే అన్నాడు, నేను అడగడం పూర్తి కాకముందే.


ఆగస్టు 5

వెళ్ళాను.

ఇరవై పలకల తోఫు ఆకుల్లో కట్టించుకుని వెళ్ళాను. పాత దారి అవతలి కొసన మట్టి ఎత్తేశారు, ఆ వైపు నుంచి ఎక్కాను. సన్నని జల్లు. రోడ్డు తెగిన చోట ఆగి కిందికి చూశాను. చేలో పడిన మొక్కలు మళ్ళీ నాటారు, మోకాలెత్తు పెరిగాయి. నేను ఎక్కడ పడ్డానో పోల్చుకోలేకపోయాను.

ముందర తెగిన చోటు కోసం చూశాను. కియెన్ చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చిన చోటు. కొత్తగా సర్దేసి ఉంటారు. అలా అనుకున్నాను.

అక్కడి నుంచి కిలోమీటరు కూడా లేదు, రోడ్డు పక్కనే ఇల్లు. మట్టి గోడలు, చూరుకి మొక్కజొన్న కంకుల గుత్తులు. ఒకావిడ గడ్డి మోపు దించుతోంది. నన్ను చూసి, నా కాలికి కట్టిన ట్యూబు చూసి, మోపు వదిలేసి పెద్దగా నవ్వింది.

"మొక్కజొన్న తమ్ముడు!"

ఆమె పేరు చియా. మాంగ్ తెగ మనిషి, సంతలో నేర్చుకున్న మా భాష మాటలతో మాట్లాడుతుంది. నన్ను మొదట చూసింది తనేనంది. ఆ చేను వాళ్ళదే. లోపల కూర్చోబెట్టి, పొయ్యి ఎగదోసి, ఉడికించిన మొక్కజొన్న పిండి గిన్నెలో పెట్టింది. తోఫు చూసి వద్దు వద్దంటూనే లోపల దాచింది. నేను మూడుసార్లు దణ్ణం పెట్టాను. మూడోసారి విసుక్కుంది.

"చాలు. కాళ్ళు బాగుంటే చాలు. భలే రోజు ఆ రోజు. పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు."

"పొద్దున ఎవరు?"

"నీలాగే బండి మనిషి. పసుపు టోపీ. ఇక్కడ పన్ను సగమే ఉంది." తన పన్ను మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే. వణికిపోతున్నాడు. పొయ్యి దగ్గర కూర్చోమన్నాం. రెండు కంకులు కాల్చి ఇచ్చాను, తిన్నాడు."

నేను గిన్నె కింద పెట్టాను.

"ఎంతసేపున్నాడు అక్కా?"

"చాలాసేపు. వాన తగ్గేదాకా. చాలాసేపు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఏం మాట్లాడలేదు. మా ఆయన లేచాడు, కొండ జారిందేమో, చేను చూసొస్తానని. ఇతను చెయ్యి పట్టుకుని ఆపాడు. 'పోవద్దు, మట్టి ఇంకా జారుతోంది' అన్నాడు. 'దారిలో ఎవరన్నా ఉన్నారా?' అని మా ఆయన అడిగాడు. 'ఎవరూ లేరు, నేనొక్కణ్ణే' అన్నాడు. మంచివాడు. మా ఆయన మీద మట్టి పడకుండా ఆపాడు."

ఆమె నా మొహం చూసింది. "నీకు తెలుసా అతను?"

"తెలుసు" అన్నాను.

వాళ్ళాయన పొలం నుంచి వచ్చాడు. సారా పోశాడు. అతనికి ఏమీ చెప్పలేదు. చెబితే అతను కూడా మోస్తాడు దీన్ని, అవతలివాడి మాట విని ఆగిపోయాను కదా అని. తాగి, మూతి తుడుచుకుని, వానలోనే కిందికి వచ్చాను. ఎలా వచ్చానో గుర్తు లేదు. మలుపుల్లో ముందు బ్రేకు పట్టానో లేదో కూడా గుర్తు లేదు.


ఆగస్టు 6

రెండు కంకులు.


ఆగస్టు 8

మొదట రాసిన పేజీలు తిరగేశాను. "మనుషుల్ని తీసుకొస్తా బావా, కదలకు!" అని అరిచాడని రాసుకున్నాను. కళ్ళు మూసుకుని ఆ చోటు మళ్ళీ చూశాను. మట్టి, వాన, పైన పసుపు హెల్మెట్. నేను పిలుస్తున్నాను. అతని నోరు కదిలిందా? వాన హోరులో వినపడలేదేమో.

కదలలేదు. నోరు కదలలేదు. నా వైపు చూశాడు, మా కళ్ళు కలిశాయి, అక్కడి నుంచి వెనక్కి జరిగాడు. ఆ మాట నేనే అల్లుకున్నాను. ఆరు గంటలు ఆ మాట పట్టుకునే ఉన్నాను. అది లేకపోతే నిద్రపోయేవాణ్ణి, లేచేవాణ్ణి కాదు.

నాకు నేను చెప్పుకున్న మాటకి అతని పేరు పెట్టి, ఆ పేరు మీద సంతకం చేశాను.


ఆగస్టు 11

కియెన్ వచ్చి నీళ్ళు మోశాడు. "ఒంట్లో బాలేదా బావా?" అన్నాడు. జ్వరమన్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. పెట్టనిచ్చాను.


ఆగస్టు 17

చంద్రుడి లెక్కన మాకు ఏడో నెల పున్నమి పండగ. పెళ్ళైన ఆడపిల్లలు మొగుణ్ణీ పిల్లల్నీ వెంటపెట్టుకుని, బాతు పట్టుకుని పుట్టింటికి రావాలి. అమ్మ లేదు కాబట్టి మా పుట్టిల్లు పిన్ని ఇల్లే. లువా వాళ్ళు పొద్దున్నే వచ్చారు. కియెన్ పిల్లల్ని ఏటి దగ్గరికి తీసుకుపోయాడు. పిన్ని జిగురన్నం ఆవిరి మీద పెట్టి, దుకాణానికి వెళ్ళి వస్తానంది. వంటింట్లో నేనూ లువా. వేణ్ణీళ్ళలో ముంచిన బాతు మధ్యలో. ఈకలు పీకుతున్నాం.

ఏమీ అడగకూడదనుకున్నాను. పండగ పోనిద్దామనుకున్నాను.

"అన్నయ్యా, ఆ కొండ మీది ఇంటికి వెళ్ళావు కదా" అంది తనే. తల ఎత్తలేదు. "బడి దగ్గర హోటలువాళ్ళు చెప్పారు, ఆ రోజు నువ్వు ఇరవై పలకలు ఎక్కువ కట్టించుకున్నావని. ఎక్కడికో అర్థమైంది."

"నీకెప్పుడు తెలుసు?" అన్నాను.

ఇంకో గుప్పెడు ఈకలు పీకింది.

"ఆ రోజే. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చాడు. బట్టలు మార్చుకుని గోడకి తిరిగి పడుకున్నాడు. నువ్వెక్కడంటే చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"కొండ మింగేసిందన్నాడు."

"చచ్చిపోయాననుకున్నారా ఇద్దరూ?" అలా అనుకుని ఉంటే చాలు. అనుకున్నామని అంటే నమ్మేస్తాను, ఇంకేమీ అడగను. అలా కూర్చున్నాను ఆమె వైపు చూస్తూ.

"అనుకున్నాం" అని ఉంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది. నా చెల్లెలు అబద్ధం చెప్పలేదు.

"నువ్వు పిలుస్తున్నావని చెప్పాడు."

పొయ్యి మీద అన్నం కుండ మూత ఎగురుతోంది. ఎవరమూ లేవలేదు.

"ఒంటిగంటన్నర నుంచి నాలుగింటిదాకా నువ్వేం చేశావు లువా?"

"పిల్లలకి అన్నం పెట్టాను. వాళ్ళ ముందు ఏడవలేదు." చేతి వెనకవైపుతో మొహం తుడుచుకుంది, బుగ్గకి తెల్ల ఈక అంటుకుంది. "ఆయన కాళ్ళు పట్టుకున్నాడు అన్నయ్యా. ఇప్పుడు పోయి చెబితే ఇంతసేపు ఎక్కడున్నావంటారు, బొంగు సంగతి వస్తుంది, బిళ్ళే కాదు జైలంటారు అన్నాడు. కాసేపాగు, ఎవరో ఒకరు చూస్తారు అన్నాడు. ఇద్దరు పిల్లలు. నేను... కాసేపు అనుకున్నాను."

"నేను పోతే?"

"నువ్వు పోతావనుకోలేదు." అప్పుడు తలెత్తి చూసింది, చిన్నప్పటి మొహంతో. "నువ్వు ఎప్పుడూ ఎలాగోలా వచ్చేస్తావు కదా అన్నయ్యా."

వాకిట్లో పిల్లల గొంతులు. కియెన్ వాళ్ళని భుజాల మీద ఎక్కించుకుని వస్తున్నాడు. ఆమె ఈకలు పోగుచేసి పొయ్యిలో వేసింది. కమురు వాసన.

అందరం కలిసి భోంచేశాం. బాతు మెత్తగా ఉడికింది. పెద్ద ముక్క నా గిన్నెలో వేసింది లువా. తిన్నాను.


ఆగస్టు 18

జూన్ నుంచి ఎన్ని ఫ్లాస్కుల జావ తాగాను.


ఆగస్టు 20

హోటల్లో తోఫు దించుతుంటే మా జట్టు కుర్రాళ్ళు టీ తాగుతున్నారు. నిన్న ఆరు బండ్లు పాత దారిలో పోయాయట, వెనక యాత్రికుల్ని కూర్చోబెట్టుకుని, వానలో. బొంగు మళ్ళీ కట్టారు కదా అన్నాను. "నాయకుడే ఎత్తాడు. గంట కలిసొస్తుందన్నాడు" అన్నారు.

ఇంటికి రాలేదు. నేరుగా సంఘం ఆఫీసుకి పోనిచ్చాను. ఫూ పెద్దాయన అరటి గెల కోస్తున్నాడు. తడిసిన బట్టలతోనే నిలబడి చెప్పాను. బొంగు, కాగితం, చియా ఇల్లు. లువా సంగతి చెప్పలేదు.

"జూన్‌లో నువ్వే ఎత్తానని రాసిచ్చావు కదయ్యా థిన్."

"అబద్ధం రాశాను."

"ఇప్పుడు రాసేది నిజమని ఎలా నమ్మాలి?"

"చియాని అడగండి. నన్ను నమ్మకండి."

పెద్దాయన అరటి కత్తి తుడిచి పక్కన పెట్టాడు. "చెల్లెలి కాపురం" అన్నాడు మెల్లిగా.

"ఆరు బండ్లు" అన్నాను. "వెనక ఆరుగురు."

ఆ ఆరుగురి కోసమే వెళ్ళానని రాసుకుంటే బాగుంటుంది. కొంత వాళ్ళ కోసం. తక్కినది ఆ రెండు కంకుల కోసం. అది కూడా రాసుకోవాలి.


ఆగస్టు 23

కియెన్ బిళ్ళ తీసుకున్నారు. అబద్ధం రాసిచ్చినందుకు నన్ను ఏడాది ఆపారు. న్యాయమే.

పిన్నికి అంతా చెప్పాను. ఆమె ఏమీ అనకపోవడం నేను ఇదే మొదటిసారి చూడటం. రాత్రి పప్పు నానబెట్టడం మరిచిపోయింది. ఇవాళ తోఫు లేదు.


ఆగస్టు 27

లువా రాలేదు. పిల్లల్ని బడి దగ్గర చూశాను. చిన్నది "మావయ్యా" అని పరుగెత్తబోతే పెద్దవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. వాడికి తొమ్మిదేళ్ళు.


ఆగస్టు 31

పొద్దున్నే వాన. బండి చెయిన్‌కి గ్రీజు పూస్తున్నాను మెట్ల కింద. కియెన్ వచ్చాడు, నడిచి. బండి అమ్మేశాడట. లోపలికి రమ్మనలేదు, రాలేదు. చూరు కింద, గేదెకి అవతల నిలబడ్డాడు. ఫ్యాక్టరీ పనికి దక్షిణానికి పోతున్నాడు. లువా, పిల్లలు ఇక్కడే ఉంటారు.

"తిట్టు బావా."

నేను చెయిన్ తిప్పుతున్నాను.

"మనుషుల కోసమే వెళ్ళాను. నిజంగా. ఆ ఇల్లు కనపడితే దాని కోసమే ఆగాను. నోరు తెరిచేలోపల ఆ ఇంటాయన 'ఏ దారిన వచ్చావు?' అన్నాడు. బొంగు గుర్తొచ్చింది. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని చెబుదామనుకున్నా. ఆవిడ కంకి ఇచ్చింది. ఆ నిమిషం పోయింది. పది నిమిషాలు పోయాక, ఇప్పుడు చెబితే ఇంతసేపూ తింటూ కూర్చున్నావా అంటారు కదా. అరగంట పోయాక ఇంకెలా చెప్పను? ప్రతి నిమిషం ముందుదాని కంటే బరువైంది."

అప్పుడు నా కాలి వైపు చూశాడు. మొదటిసారి. చెప్పుకి కట్టిన ట్యూబు ముక్క వైపు చూసి అలాగే ఉండిపోయాడు.

"నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి బావా? నిజం చెప్పు."

గేదె నెమరు వేస్తోంది. అతని మోకాళ్ళ దాకా బురద. ముప్పై ఆరేళ్ళ మనిషి, అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. దక్షిణం బస్సులో రెండు రోజులు ఈ మాట పట్టుకునే కూర్చుంటాడు.

"ఏమో" అన్నాను. "ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు."

అతని భుజాలు కొంచెం దిగాయి. తల ఊపాడు. వానలోకి నడిచి, వంతెన దగ్గర మలుపు తిరిగాడు.

అతనికి అలా చెప్పాను, కానీ నాకు తెలుసు. ఆ చేలోకి నేను దిగేవాణ్ణి.